చార్జి అప్పగింత: అప్పుడు దస్త్రాలకు, ఇప్పుడు కంప్యూటర్లకు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం యాచారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ రికార్డులన్నీ కంప్యూటర్లలోకి పోయిన ఈ కాలంలో వాటికి ఏమైనా అయితే మన గతేమిటి అనే విషయం మీద మాట్లాడమని కార్యవర్గం వారు నన్ను కోరారు. నేను ఇంజనీరును కాను. రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నా మేనల్లుడు ఒకడు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. పండుగలకు వచ్చినప్పుడల్లా వాడిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నదే మీ ముందు పెడుతున్నాను. అడిగిన కొద్దీ నాకు తోచిందేమంటే, వాళ్లు ఇంగ్లీషు పేర్లు పెట్టి చేస్తున్న పని మనకు కొత్తది కాదు. నకలు ఉంచడం, ఇన్‌చార్జిని పెట్టడం, చార్జి అప్పగించడం మనం సర్వీసంతా చేసిన పనులే. అందుకే ఆ పద్ధతిలోనే చెబుతాను.

ముందుగా మన అనుభవం గుర్తు చేసుకుందాం. మన తెలంగాణ ప్రాంతంలో భూమి లెక్కలకు మూలం సేత్వార్. ఆ తర్వాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఏటేటా రాసే పహాణీ, ఫైసల్ పట్టీ, మూడేళ్లకు కలిపి రాసిన చేసలా పహాణీ ఉండేవి. గ్రామంలో పట్వారీ దగ్గర ఒక లెక్క, తహసీలులో ఒక లెక్క. జమాబందీలో రెండింటినీ సరిచూసేవారు. 1984 జనవరి 6న ఆర్డినెన్సుతో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులు రద్దయినప్పుడు ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. కొన్ని ఊళ్లలో లెక్కలు వెంటనే చేతికి వచ్చాయి. కొన్ని ఊళ్లలో వాటి కోసం తిరగవలసి వచ్చింది. తహసీలు నకలు సరిగ్గా ఉన్న ఊరికి పని ఆగలేదు. నకలు ఉందని చెప్పుకుని, తీసి చూస్తే మూడేళ్ల వెనకటిది ఉన్న ఊరికి తిప్పలు తప్పలేదు.

ఇప్పుడు ఆ గ్రామం నకలు లేదు. 1998 నవంబరులో కార్డ్ పథకం కింద 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో రిజిస్ట్రేషను కంప్యూటర్లోకి వచ్చింది. 2011లో మీసేవ వచ్చింది. 2020 అక్టోబర్ 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాయి. 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ కూడా ఉంది. భూమి, రిజిస్ట్రేషను, మనం బతికున్నామన్న సాక్ష్యం, అన్నీ ఎక్కడో ఒక గదిలోని మిషన్లలో ఉన్నాయి. కనుక ఆ గదిలో ఏ ఏర్పాటు ఉండాలో తెలుసుకోవడం మనకు అవసరం.

ఒక్క మిషను మీద ఆధారపడితే అది చెడిన రోజు పని బంద్. అందుకని రెండు మూడు మిషన్లను కలిపి ఒక జట్టుగా నడుపుతారు. దీన్ని క్లస్టర్ అంటారు. ఒకటి పడిపోతే దాని పనిని ఇంకొకటి అందుకుంటుంది. అలా అందుకోవడమే ఫెయిలోవర్. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ 1983లోనే ఇటువంటి జట్టును వ్యాక్స్‌క్లస్టర్ పేరుతో అమ్మింది. ఢిల్లీలో 1985-86లో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరు మీదికి ఎక్కించింది కూడా ఆ కంపెనీ వ్యాక్స్ మిషన్లతోనే. ఆ వరుసలో క్రిస్ సంస్థ తయారు చేసిన కన్సర్ట్ అనే పద్ధతి 1994 సెప్టెంబరులో మొదట మన సికింద్రాబాదులోనే అమలైంది.

ఇప్పటి జట్టులో వర్చువల్ మిషన్ అనేది ఒకటుంది. మిషను లోపల మిషను అన్నమాట. ఇది అర్థం కావాలంటే మన జమాబందీ క్యాంపును తలచుకోండి. ట్రంకు పెట్టెల్లో దస్త్రాలు, మొహరు, ఇన్వర్డు రిజిస్టరు సర్దుకుని వెళ్లి, ఏ బడిలోనో చావడిలోనో దిగితే అదే కచేరీ. కచేరీ అంటే బిల్డింగు కాదు, ఆ పెట్టెల్లో ఉన్నది. వర్చువల్ మిషన్ కూడా అటువంటి పెట్టె. ఒక పెద్ద మిషను మీద ఇటువంటి కచేరీలు పదో ఇరవయ్యో నడుస్తుంటాయి. ఆ మిషను చెడితే వాటిని పక్క మిషను మీద తెరుస్తారు. అయితే పెట్టెలోని కాగితాలు పక్క మిషనుకు అందుబాటులో ఉంటేనే ఈ పని సాగుతుంది. దానికోసం రాసిన ప్రతి అక్షరాన్నీ రెండు మూడు చోట్ల నిలవ చేస్తారు. ఇది రెప్లికేషన్.

నకలు తీయడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి కార్బన్ పేపరు పద్ధతి. పైన రాస్తుంటేనే కింద పడుతుంది. రెండు చోట్లా పడ్డాకే రాత పూర్తయినట్టు. ఇందులో ఒక్క అక్షరం పోదు. కానీ రెండో చోటు దూరమైతే ప్రతి రాతకూ జవాబు కోసం ఆగాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల దూరం పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. ఇది తక్కువే అనిపిస్తుంది గాని, వేల రాతలు వరుసగా పడేచోట లెక్కలోకి వస్తుంది. రెండోది తపాలా పద్ధతి. ఇక్కడ పని ఇక్కడ ముగించి, నకలును వెనక నుంచి పంపిస్తారు. ఎంత దూరమైనా పంపవచ్చు. కాని ఇక్కడ నిప్పంటుకుంటే తపాలాలో ఇంకా పోని కాగితాలు పోయినట్టే. దగ్గరికి కార్బన్, దూరానికి తపాలా అని రెండూ పెట్టుకునేవారే తెలివైనవారు.

ఈ ఏర్పాటు చూడటానికి మనం అమెరికా పోనవసరం లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారు 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్ ప్రారంభించారు. అందుకోసం 2020లో పర్యావరణ అనుమతులకు పెట్టిన పత్రాలలో మన రంగారెడ్డి జిల్లా పేర్లే ఉన్నాయి. ఒకటి షాబాద్ మండలం చందనవెల్లి, ఇంకొకటి మన మండలాన్ని ఆనుకుని ఉన్న కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట. ఆ రీజియన్లో మూడు జోన్లున్నాయి. కరెంటు, చల్లదనం ఏ జోనుకు ఆ జోనుకే వేరు. ఒకే ప్రమాదం రెండింటినీ తాకనంత దూరం, కార్బన్ పేపరు పనిచేసేంత దగ్గర, అంటే 100 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది వారి లెక్క. ఒక మాట మాత్రం గమనించాలి. మూడు గదులున్నాయి కదా అని మన సామాను దానంతట అదే మూడింటిలోకి పోదు. ఒక్క గదినే కిరాయికి తీసుకుని అందులోనే అన్నీ పెట్టినవాడికి మిగతా రెండు గదులు ఉన్నా లేనట్టే.

అవతలి మిషను పడిపోయిందని ఇవతలి మిషనుకు ఎలా తెలుస్తుంది? ఇది మన పెన్షనర్లకు చెప్పనవసరం లేని సంగతి. ఏడాదికోసారి మనం బతికున్నామని సర్టిఫికెట్ ఇస్తాము. అది అందకపోతే పెన్షను ఆగుతుంది. మనం పోయామని ట్రెజరీ వారు చూసి వచ్చారా? లేదు. కబురు అందలేదు, అంతే. మిషన్లు కూడా సెకనుకోసారి ఒకదానికొకటి 'ఉన్నాను' అని కబురు పంపుకుంటాయి. దానికి హార్ట్‌బీట్ అని పేరు. కొన్నిసార్లు వరసగా కబురు రాకపోతే పోయిందనుకుంటాయి. కాని కబురు రాకపోవడం వేరు, పోవడం వేరు. మధ్యలో తీగ తెగినా కబురు రాదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తీగ తెగింది, రెండు మిషన్లూ బతికే ఉన్నాయి. ఎదుటిది పోయిందనుకుని రెండూ తామే చార్జిలో ఉన్నామనుకుంటాయి. రెండూ రాయడం మొదలుపెడతాయి. దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. నేను పనిచేసిన ఒక కచేరీలో ఇది కంప్యూటరు లేకుండానే జరిగింది. ఆఫీసరు గారికి బదిలీ ఆర్డరు వచ్చింది. కొత్తాయన వచ్చి చార్జి తీసుకున్నారు. పాతాయన స్టే తెచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చున్నారు. కాగితం చదివిన తీరు ఎవరిది వారిది. నాలుగు రోజులపాటు ఇద్దరూ సంతకాలు చేశారు. ఒకే సర్వే నంబరు మీద ఒకరు ఇచ్చిన ఉత్తర్వుకు ఇంకొకరి ఉత్తర్వు విరుద్ధం. ఆఫీసరు లేని కచేరీలో పని నాలుగు రోజులు ఆగుతుంది. ఇద్దరు ఆఫీసర్లున్న కచేరీలో నాలుగు రోజుల్లో జరిగిన పనిని సరిదిద్దడానికి ఏళ్లు పట్టింది. ఆ రైతులిద్దరూ కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు.

కంప్యూటర్ల వారు దీనికి రెండు విరుగుడులు కనిపెట్టారు. మొదటిది కోరం. మన పంచాయతీ సమావేశంలో కోరం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. సగానికి పైగా సభ్యులతో మాట కలిసిన పక్షమే పనిచేయాలి, తక్కువ ఉన్న పక్షం చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇద్దరే ఉంటే సగానికి పైగా అనేది ఎన్నటికీ తేలదు. అందుకే మూడు పెడతారు, లేదా రెండింటికి తోడు సాక్షిగా ఒక చిన్న మిషనునైనా వేరే చోట పెడతారు. మూడు జోన్ల వెనక ఉన్న రహస్యం కూడా ఇదే. రెండోది ఫెన్సింగ్. కొత్తది చార్జి తీసుకునే ముందు, పాతదాని కరెంటు తీసేయడమో, దస్త్రాల గది తాళం దానికి అందకుండా చేయడమో జరగాలి. మొహరు తీసుకోకుండా చార్జి ఇవ్వరాదన్నమాట. పాతది తిరిగి బాగుపడి వచ్చినా నేరుగా కుర్చీలో కూర్చోనివ్వరు. తాను లేనప్పుడు జరిగిందంతా చదువుకుని సరిచూసుకున్న తర్వాతే పనిలోకి రావాలి.

మరొక లెక్క గుమాస్తాలకు బాగా తెలిసింది. ముగ్గురు గుమాస్తాలున్న సెక్షనులో ఒక్కొక్కరికీ నూటికి 80 వంతుల పని ఉందనుకోండి. ఒకరు సెలవు పెడితే 240 వంతుల పని 200 వంతుల చేతుల మీద పడుతుంది. ఫలితంగా మిగిలిన ఇద్దరూ మంచాన పడతారు. మిషన్లూ అంతే. మూడింటి జట్టులో ఒకటి పోయినా నడవాలంటే మామూలు రోజుల్లో ఒక్కోదాని మీద 66 వంతులకు మించి పని వేయరాదు. ఖాళీగా కనిపించే ఆ మూడో వంతు దుబారా కాదు. ఆడిటు వారు దుబారా అని రాసి దాన్ని తీసేయిస్తే, చెడిన రోజున తెలుస్తుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా లోకంలో తప్పులు జరిగాయి. వాటిలో మూడు చెబుతాను.

మొదటిది మన దేశంలోనిదే. 2021 ఫిబ్రవరి 24న ముంబైలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11.40కి వ్యాపారం ఆగింది. టెలికం లింకులు తెగిన ప్రభావంతో అసలు కేంద్రంలోని నిల్వ వ్యవస్థే మిషన్లకు అందకుండా పోయిందని వారు ప్రకటించారు. రెండో కేంద్రం ఉంది. కాని దాని మీదికి మారలేదు. మధ్యాహ్నం 3.45కు మళ్లీ మొదలుపెట్టి సాయంత్రం 5 దాకా నడిపారు. నకలు లేక కాదు, నకలు మీదికి పోదామన్న నిర్ణయం జరగక నాలుగు గంటలు పోయాయి. ఆ తర్వాత మార్చిలో సెబీ కొత్త నియమాలు పెట్టింది. ముఖ్యమైన వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో పని తిరిగి మొదలవ్వాలి, పోయే సమాచారం 15 నిమిషాల దానికి మించరాదు. 2024 మార్చి 2, శనివారం నాడు ప్రత్యేకంగా బజారు తెరిచి, కొంతసేపు అసలు కేంద్రం నుంచి, తర్వాత రెండో కేంద్రం నుంచి నిజమైన వ్యాపారమే నడిపి చూశారు. అదే ఏడు మే 18న మళ్లీ చూశారు. పరీక్ష అంటే అలా ఉండాలి.

రెండోది ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి. 2022 నవంబరు 23న దొంగలు సర్వర్లలో చొరబడి సమాచారానికి తమ తాళం వేశారు. రెండు వారాలపాటు ఓపీ చీట్లు చేత్తో రాశారు. అలాంటప్పుడు రెప్లికేషన్ ఒక్కటే కాపాడదు. ఎందుకంటే, కార్బన్ పేపరు మంచి రాతనూ దించుతుంది, చెడు రాతనూ దించుతుంది. పైన కొట్టివేస్తే కిందా కొట్టివేతే. చివరికి దాడి తగలని వేరే బ్యాకప్ సర్వరు నుంచి సమాచారాన్ని తిరిగి పెట్టారు. అంటే నకలు వేరు, బ్యాకప్ వేరు. బ్యాకప్ అనేది ఫలానా తేదీ నాటి లెక్కను కట్టి, సీలు వేసి, రోజువారీ చేతులకు అందకుండా వేరే రికార్డు రూములో పెట్టడం.

మూడోది దక్షిణ కొరియా. 2025 సెప్టెంబరు 26న డేజన్ నగరంలోని వారి ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో బ్యాటరీలను తరలిస్తుండగా నిప్పు పుట్టింది. 700 పైచిలుకు ప్రభుత్వ సేవలు ఆగాయి. వాటిలో జీ డ్రైవ్ అని ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే చోటు ఒకటి ఉండేది. అందులోని 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. పరిమాణం ఎక్కువ కనుక బయట బ్యాకప్ పెట్టలేదన్నారు. అంత ముందున్న దేశంలో, మనవంటి గుమాస్తాలు ఏళ్ల తరబడి చేసిన పని ఒక రాత్రిలో పోయింది. నకలును అసలు పెట్టెలోనే దాచిన పట్వారీ కథ ఇది.

ఈ మూడింటి సారాన్ని మా మేనల్లుడు ఒక్క మాటలో చెప్పాడు. "మామా, నకలు ఉందా అని అడగకు. ఆ నకలుతో చివరిసారి ఎప్పుడు పని నడిపి చూశారో అడుగు" అన్నాడు. నా సర్వీసంతా గడిచినా ఇంత సూటిగా చెప్పిన ఆడిట్ ప్రశ్న నేను వినలేదు. భూభారతి గురించి గాని, ట్రెజరీ లెక్కల గురించి గాని అధికారులతో మాట్లాడే అవకాశం మన సంఘానికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలని నా మనవి. నకలు వేరే ఊళ్లో ఉందా? సీలు వేసిన బ్యాకప్ వేరుగా ఉందా? అసలు కేంద్రం ఆగితే రెండోదానికి మారమని చెప్పే అధికారం ఎవరిది, అర్ధరాత్రి అయితే ఎవరిది? చివరి పరీక్ష ఏ తేదీన చేశారు? పెన్షను మీదనే ఇల్లు గడిచే మనిషికి, పట్టా తప్ప మరో ఆధారం లేని రైతుకు ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉంది.

ఇక మన ఇళ్ల సంగతి. ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటి ఏర్పాటు కూడా చూసుకోవాలి. మనం పోయాక కుటుంబ పెన్షను రావడం అనేది మన ఇంటి ఫెయిలోవర్. నేను కొందరు మిత్రుల ఇళ్లకు పరామర్శకు పోయినప్పుడు చూశాను. పి.పి.ఓ. ఎక్కడుందో ఆమెకు తెలియదు. పి.పి.ఓ.లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. పుట్టిన తేదీ పడలేదు. జాయింటు ఫోటో లేదు. బ్యాంకు ఖాతా ఆయన ఒక్కరిదే, ఫోనులో వచ్చే ఓటీపీ ఆయన నంబరుకే. ముప్పై ఏళ్లు ఇతరుల ఫైళ్లు వరుసగా పెట్టిన మనిషి ఇంట్లో చార్జి లిస్టు లేకుండా పోతే, కచేరీల చుట్టూ తిరిగేది ఆ ఇల్లాలే.

కనుక ఈ వారంలోనే ఒక పని చేయండి. పి.పి.ఓ., పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, ఆధార్ నకళ్లు రెండు సెట్లు తీయించండి. ఒకటి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న కొడుకో కూతురో దగ్గర పెట్టండి. పేర్లు, తేదీలు సరిచూసుకుని, తేడా ఉంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టి దిద్దించుకోండి. తర్వాత పరీక్ష పెట్టండి. మీరు పక్కన కూర్చుని నోరు విప్పకుండా, ఆ కాగితాలన్నీ తీయమని మీ ఇంట్లో ఆమెను అడగండి. తీయగలిగితే మీ ఏర్పాటు పక్కా. తీయలేకపోతే తప్పు ఆమెది కాదు, మనం చార్జి సరిగా అప్పగించలేదన్నమాట. పెన్షనరు ఆమే అయితే ఈ పరీక్ష ఆయనకు.

నకలు ఉంచడం సగం పనే. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి మాట మీద అందుకోవాలో ముందే తేల్చి, ఒకసారి నడిపి చూస్తేనే పని పూర్తయినట్టు. మిషన్లకైనా మనుషులకైనా ఇదే నియమం.